జింబల్ వాలకుండా నిలవాలంటే: బ్యాలెన్స్ నుంచి క్యాలిబ్రేషన్ దాకా ఏ పని ముందు, ఏది తర్వాత

“అన్నా, మూడుసార్లు క్యాలిబ్రేషన్ చేసినా ఫ్రేము ఎడమ పక్కకి వాలతానే ఉంది. సర్వీసుకి ఇచ్చేయమంటావా?”

ఈ పెళ్లిళ్ల సీజన్లో జింబల్ (చేతిలోని కెమెరా ఊగకుండా మోటార్లతో నిలిపి ఉంచే పరికరం) గురించి ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క పెట్టలేదు. పలమనేరు నుంచి ఒకరు, శ్రీకాళహస్తి నుంచి ఒకరు, ఇక్కడే తిరుపతిలో బైరాగిపట్టెడ నుంచి ఇద్దరు. అందరినీ నేను తిరిగి అడిగింది ఒకటే. మోటార్లు ఆపేసి చెయ్యి తీసేస్తే, కెమెరా పెట్టినచోట పెట్టినట్టు నిలబడుతోందా? నిలబడటం లేదు. నలుగురిదీ అదే జవాబు.

క్యాలిబ్రేషన్ అంటే జింబల్ లోపలున్న సెన్సరుకి “కదలకుండా ఉండటమంటే ఇది, మట్టమంటే ఇది” అని గుర్తు చేయడం. బరువు ఒక పక్కకి లాగుతుంటే క్యాలిబ్రేషన్ ఏమీ చేయలేదు. మోటారు ఆ బరువును మోసీ మోసీ వేడెక్కుతుంది, వణుకుతుంది, చివరికి ఫ్రేము వాలుతుంది. కాబట్టి ముందు బ్యాలెన్స్, తర్వాత మోటార్ల ట్యూనింగ్, ఆ తర్వాత అవసరమైతేనే క్యాలిబ్రేషన్, ఆఖర్న హొరైజన్, అంటే ఫ్రేము మట్టం సరిచేయడం. మనలో చాలామంది యాప్‌లో మొదట కనిపించే బటన్ నొక్కేసి, తోక నుంచి తల వైపు పోతున్నాం.

ఇక్కడ చెప్పేది మిర్రర్‌లెస్ కెమెరా మోసే 3 యాక్సిస్ జింబల్ గురించి. డీజేఐ కంపెనీదైనా జియున్ కంపెనీదైనా నాబ్ ఉండే చోటు, మెనూలో పేరు మారతాయి, పని మాత్రం అదే. ఫోన్ జింబల్ వాళ్లు ఫోన్‌ను క్లిప్పు మధ్యలో బిగించుకుని నేరుగా 8కి వెళ్లిపోవచ్చు.

1. మూడు కదలికలు

టిల్ట్ అంటే లెన్స్ పైకీ కిందికీ చూడటం. ప్యాన్ అంటే పక్కలకు తిరగడం. రోల్ అంటే ఫ్రేము కుడికో ఎడమకో ఒరగడం. మీ తలతోనే చేసి చూడండి. అవునంటే టిల్ట్, కాదంటే ప్యాన్, “ఏమోలే” అని తలను భుజం మీదికి వాల్చితే రోల్.

2. సామాను సిద్ధం చేసుకోవడం

షూటింగులో కెమెరా ఎట్లా ఉంటుందో అచ్చం అట్లానే ఉంచి బ్యాలెన్స్ చేయాలి. ఇంట్లో ఫిల్టర్ లేకుండా చేసి, మండపంలో ఎన్‌డి ఫిల్టర్ (వెలుతురు తగ్గించే అద్దం) బిగిస్తే పొద్దున చేసిన పనంతా వృథా.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- బ్యాటరీ, మెమరీ కార్డు కెమెరాలో ఉన్నాయా
- వాడబోయే లెన్స్, దాని మీది ఫిల్టర్, హుడ్ బిగించారా
- లెన్స్ మూత తీశారా
- మెడ పట్టీ విప్పేశారా (వేలాడే పట్టీ జింబల్ ఆర్మ్‌కి, అంటే కెమెరాను మోసే చేతికి చుట్టుకుంటుంది, లేదంటే ఒక పక్కకి లాగుతుంది)
- మైకు, కేబుల్ ఏవైనా ఉంటే ఇప్పుడే తగిలించారా
- స్క్రీన్ పక్కకి తెరిచి వాడేవారైతే తెరిచే ఉంచారా
- జింబల్ బ్యాటరీ సగానికి పైగా ఉందా
- మోటార్లు ఆఫ్‌లో ఉన్నాయా

బరువు కూడా ఒకసారి కూడుకోండి. సోనీ ఏ7 ఫోర్ బ్యాటరీ, కార్డుతో కలిపి 658 గ్రాములు. దాని మీద సోనీ 24-70 జీఎం రెండో తరం లెన్స్ 695 గ్రాములు. మొత్తం 1,353 గ్రాములు. 2 కిలోలు మోసే డీజేఐ ఆర్ఎస్ 3 మినీ దీన్ని మోస్తుంది. మైకు, ఫిల్టర్, కెమెరా కింద బిగించే ప్లేటు కూడా చేరితే మిగిలే జాగా తక్కువే. అంచు దాకా బరువు ఎక్కించడం నాకు ఇష్టం ఉండదు. మోస్తుంది కానీ విసురుగా తిప్పినప్పుడు తడబడుతుంది.

జూమ్ లెన్స్ అయితే ఇంకో సంగతి. జూమ్ చేస్తే గొట్టం బయటికి వచ్చే రకమా, లోపలే కదిలే రకమా చూడండి. బయటికి వచ్చే రకం 24 ఎంఎం దగ్గర నిలిచినట్టు 70 ఎంఎం దగ్గర నిలవదు. ఎక్కువసేపు వాడే జూమ్ దగ్గర పెట్టి బ్యాలెన్స్ చేయండి. పెళ్లిలో నేను 35 దగ్గర పెట్టి చేస్తాను, అటూ ఇటూ కొంచెం జరిపినా మోటారు సర్దుకుంటుంది.

3. ప్లేటు మీద కెమెరా

స్క్రూను వేళ్లతో బిగించి వదిలేయొద్దు. రూపాయి బిళ్లతో చివరిదాకా బిగించండి. ప్లేటుకి లెన్స్ కింద ఆనించే చిన్న బ్రాకెట్ వస్తుంది, చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. బరువు లెన్స్‌కి అది తప్పనిసరి. లేకపోతే ప్లేటు మీద కెమెరా కనిపించీ కనిపించనంత కదిలి, ఆ కదలికే వణుకుగా మారుతుంది.

బిగించాక కెమెరా పట్టుకుని కుడి ఎడమలకు ఊపండి. “టిక్” అని చిన్న శబ్దం వచ్చినా సరే, విప్పి మళ్లీ బిగించాల్సిందే.

4. టిల్ట్, మొదటి సగం: ముందుకూ వెనక్కూ

జింబల్‌ను దాంతోపాటు వచ్చే చిన్న ట్రైపాడ్ మీద, గట్టి నేల మీద నిలబెట్టండి. ప్యాన్, రోల్ లాక్ వేసే ఉంచి, టిల్ట్ లాక్ మాత్రం తీయండి. ఒక చెయ్యి లెన్స్ కింద ఉంచి మరీ తీయండి. లేకపోతే లెన్స్ ధబీమని ఆర్మ్‌కి కొట్టుకుంటుంది.

లెన్స్‌ను ఎదురుగా చూసేట్టు పెట్టి, చెయ్యి మెల్లగా వదలండి.

- లెన్స్ కిందికి దిగితే కెమెరాను వెనక్కి జరపాలి
- లెన్స్ పైకి లేస్తే ముందుకు జరపాలి

మొదట వేలెడంత జరపాల్సి రావచ్చు, చివర్లో బియ్యపు గింజంత చాలు. ప్లేటు నాబ్ పూర్తిగా వదులు చేయకుండా, బిగువుగా జరిగేంత మాత్రమే వదులు చేస్తే పని తేలిక.

5. టిల్ట్, రెండో సగం: ఎత్తు

అందరూ వదిలేసేది ఈ మెట్టునే. నాకు వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి మూలం ఇక్కడే దొరికింది.

లెన్స్‌ను నేరుగా పైకి, ఇంటి కప్పును చూసేట్టు తిప్పండి. మీరు కెమెరా వెనక నిలబడి ఉండాలి. చెయ్యి వదలండి.

- లెన్స్ ముందుకు, అంటే మీ నుంచి దూరంగా పడితే, కెమెరా అడుగు బరువెక్కువగా ఉంది. కెమెరాను పైకి జరపాలి.
- లెన్స్ మీ వైపు పడితే పైభాగం బరువు. కెమెరాను కిందికి దించాలి.

నేను పెట్టుకున్న గుర్తు: ముందుకు పడితే పైకి, మన మీద పడితే కిందికి.

ఎదురుగా చూసినప్పుడు చక్కగా నిలిచిన కెమెరా ఇక్కడ ఎందుకు పడుతుందంటే, లెన్స్ ఎదురుగా ఉన్నప్పుడు ఎత్తులో ఉన్న తేడా అంతగా బయటపడదు. కెమెరాను 90 డిగ్రీలు తిప్పితే ఆ ఎత్తే ముందువెనకలుగా మారి బండారం బయటపెడుతుంది. మండపం పైకప్పు మీది పూల అలంకరణ తీసేటప్పుడు జింబల్ జుయ్‌మని మొరాయిస్తోందంటే ఈ మెట్టు వదిలేశారనే అర్థం.

ఎత్తు సరిపోయాక మళ్లీ 4వ మెట్టుకి వెళ్లి ఒకసారి చూడండి, కొంచెం మారి ఉంటుంది. ఆఖరి పరీక్షగా లెన్స్‌ను 45 డిగ్రీలు పైకి పెట్టి వదలండి, తర్వాత 45 కిందికి. రెండుచోట్లా శిలలా నిలబడితే టిల్ట్ అయిపోయినట్టే.

6. రోల్

టిల్ట్ లాక్ వేసి, రోల్ లాక్ తీయండి. కెమెరా ఎటు ఒరిగితే దానికి ఎదురు పక్కకి జరపండి, అంతే. స్క్రీన్ తెరిచి ఉంచారో లేదో మళ్లీ చూసుకోండి, ఆ చిన్న స్క్రీన్ బరువు కూడా ఇక్కడ తెలుస్తుంది.

కేబుల్ ఉంటే అది బిగుసుకుని లాగుతోందేమో చూడండి. వైరు లాగడం వల్ల నిలబడ్డ కెమెరా, నడిచేటప్పుడు నిలబడదు.

7. ప్యాన్

హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు ప్యాన్ తప్పు కనిపించనే కనిపించదు. బరువు ఎటున్నా నేల వైపే కదా లాగేది, పక్కకి తిరగదు. అందుకే “ప్యాన్ బాగానే ఉందన్నా” అంటారు. హ్యాండిల్‌ను అడ్డంగా, నేలకి సమాంతరంగా పట్టుకుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

టిల్ట్, రోల్ లాక్ వేయండి. ప్యాన్ లాక్ తీసి హ్యాండిల్ అడ్డంగా పట్టుకోండి. ఆర్మ్ ఊగి ఒక పక్క కిందికి దిగితే, దిగిన పక్క నుంచి ఎదురు పక్కకి ఆర్మ్‌ను జరపండి. ఎటు తిప్పి వదిలినా అక్కడే ఆగితే సరిపోయింది.

పెళ్లికూతురు గోరింటాకు పాదాల దగ్గర నుంచి షాట్ మొదలుపెట్టడానికి జింబల్‌ను పెట్టెలా వేలాడదీసి పట్టుకుంటాం చూడండి, ప్యాన్ బ్యాలెన్స్ లేకపోతే మొదట వణికేది అక్కడే.

*ఇక్కడ ఆగి ఒక పని చేయండి.* ఆర్మ్‌ల మీద గీతలు, అంకెలు ఉంటాయి. ఈ లెన్స్‌కి ఏ గీత దగ్గర నిలిచిందో రాసి పెట్టుకోండి. లెన్స్‌కి ఒక వరుస. మొదటిసారి ఇదంతా అరగంట పట్టినా, రాసి పెట్టుకుంటే తర్వాత నాలుగైదు నిమిషాల పని.

8. మోటార్లు ఆన్, ఆటో ట్యూన్

కెమెరా లేకుండా మోటార్లు ఎప్పుడూ ఆన్ చేయొద్దు. లాక్‌లన్నీ తీశారో లేదో చూసి ఆన్ చేయండి. లాక్ వేసి ఉండగా ఆన్ చేస్తే మోటారు తాళం వేసిన తలుపును తోస్తున్నట్టే.

తర్వాత యాప్‌లో గానీ, జింబల్ స్క్రీన్ మీద గానీ ఆటో ట్యూన్ నొక్కి, చిన్న ట్రైపాడ్ మీద నేలపై వదిలేయండి. చేతిలో పట్టుకోవద్దు. కెమెరా కాసేపు గజగజ వణుకుతుంది, కంగారు పడొద్దు. ఈ బరువుకి ఎంత బలం కావాలో అది కొలుచుకుంటోంది.

అయిపోయాక ఒక్కో మోటారుకి ఒక అంకె వస్తుంది. అదే స్టిఫ్‌నెస్. అది ఎక్కువైతే సన్నగా జుయ్ మనే శబ్దం, ఫ్రేములో పొడి వణుకు. తక్కువైతే కెమెరా బద్ధకంగా, వెనకబడి తిరుగుతుంది. అదే లెన్స్‌కి పోయిన వారం కన్నా ఈసారి అంకె బాగా పెరిగిందంటే నేను ట్యూనింగ్ ఆపేసి 4వ మెట్టుకి పోతాను.

9. జైరో క్యాలిబ్రేషన్

జైరో అంటే తిరుగుడును పసిగట్టే సెన్సర్. దీని క్యాలిబ్రేషన్ రోజూ చేసే పని కాదు. ఎప్పుడు చేయాలంటే:

- ఫర్మ్‌వేర్ (జింబల్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక
- జింబల్ కింద పడ్డాక, గట్టిగా తగిలాక
- నెలల తరబడి వాడకుండా ఉంచాక
- ఎవరూ తాకకపోయినా ఫ్రేము మెల్లగా తనంతట తనే తిరిగిపోతుంటే
- ఏసీ గదికీ బయటికీ వేడిలో పెద్ద తేడా ఉండి, మట్టం చెడినట్టు అనిపిస్తే

ఆఖరిది మనకి ముఖ్యం. జైరో సెన్సర్ వేడికి కొంచెం మారుతుంది. మే నెలలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ గదిలో క్యాలిబ్రేట్ చేసి, నేరుగా మిట్టమధ్యాహ్నం కపిలతీర్థం మెట్ల మీదికి వెళ్తే తేడా రావచ్చు. జింబల్‌ను బయట నీడలో పదిహేను నిమిషాలు ఉంచి, ఆ వేడికి అలవాటు పడ్డాక చేయండి.

జైరోకి కావాల్సింది నిశ్చలంగా ఉండే చోటు. ఇది నేను డబ్బులిచ్చి నేర్చుకున్న పాఠం. రెండేళ్ల కిందట తిరుచానూరు దగ్గర ఒక మండపంలో, ముహూర్తానికి ముందు టైం ఉందని స్టేజీ మీదే పెట్టి క్యాలిబ్రేట్ చేశాను. పైన కార్పెట్, కింద చెక్క పలకలు. పక్కనే డోలు. ప్రతి దెబ్బకీ పలక అదురుతోంది. నాకేమో స్క్రీన్ మీద “పూర్తయింది” అని కనిపించింది, సంతోషం.

ప్యాన్‌ను లాక్ మోడ్‌లో (హ్యాండిల్ తిప్పినా కెమెరా ఒకే దిక్కు చూసే పద్ధతి) పెట్టి జీలకర్ర బెల్లం తీస్తుంటే, ఫ్రేము తనంతట తనే పెళ్లికొడుకుని వదిలేసి నిదానంగా మేనమామ వైపు నడిచింది. సరిచేసి పెట్టాను. మళ్లీ మేనమామ. ఆ వీడియోలో ఆయన పడ్డంత బాగా ఇంకెవరూ పడలేదు. ఎడిటింగ్‌లో ఆ ముక్కలు తీసేయడానికి రెండు రాత్రులు పట్టింది, ఆ పార్టీకి కొంత డబ్బు తగ్గించుకున్నాను కూడా.

అదురును సెన్సర్ నిశ్చలం అనుకుంది, నిజంగా నిశ్చలంగా ఉన్నప్పుడు అది కదలిక అనుకుంది. ఇది ప్యాన్‌లోనే ఎక్కువ బయటపడటానికి కారణం ఉంది. టిల్ట్, రోల్ తప్పితే భూమి లాగే దిక్కును చూసి సెన్సర్ సర్దుకోగలదు. ప్యాన్‌కి అట్లాంటి ఆధారం లేదు.

చేసే పద్ధతి:

- రాతి బండో, గచ్చో, అదరని నేల చూసుకోండి. కారు బానెట్, మంచం, ప్లాస్టిక్ కుర్చీ పనికిరావు
- ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా చూడండి
- మెనూలో నొక్కి, చెయ్యి తీసేసి, ఒక అడుగు వెనక్కి జరగండి
- అయ్యాక ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆన్ అయ్యేటప్పుడు కూడా కదపొద్దు

కొన్ని మోడళ్లలో ఆరు పక్కల క్యాలిబ్రేషన్ ఉంటుంది. మోటార్లు ఆపి, కెమెరా తీసేసి, ప్లేటు బిగించే భాగాన్ని ఆరు వైపులా ఒక్కొక్కటిగా నిలిపి చూపించాలి. దీనికి నిశ్చలంతోపాటు మట్టం కూడా కావాలి. మేస్త్రి దగ్గరుండే రసమట్టం తెచ్చుకుని నేలను సరిచూసుకోండి. అది లేకుండా కంటి అంచనాతో చేస్తే మునుపటి కన్నా అధ్వాన్నం అవుతుంది.

10. హొరైజన్

అన్నీ అయ్యాక కూడా ఫ్రేము ఒక డిగ్రీ ఒరిగినట్టు ఉంటేనే దీన్ని ముట్టుకోండి. యాప్‌లో రోల్‌ను కొంచెం కొంచెంగా సరిచేసే చోటు ఉంటుంది.

సరిచూసుకోవడానికి తలుపు చట్రం మంచిది. కెమెరాను మట్టంగా ఎదురుగా పెట్టి, చట్రం నిలువు గీతను ఫ్రేము మధ్యలోకి తెచ్చి, కెమెరా స్క్రీన్ మీది గ్రిడ్ గీతతో పోల్చండి. మధ్యలోకే ఎందుకంటే, వైడ్ లెన్స్‌లో అంచున ఉన్న స్తంభాలు వంగి కనిపిస్తాయి.

లెన్స్ పైకెత్తి గోపురం తీసినప్పుడు కూడా మోసపోవద్దు. గోవిందరాజస్వామి గుడి గోపురాన్ని కింద నుంచి తీస్తే రెండు పక్కలా అంచులు లోపలికి వాలినట్టు కనిపిస్తాయి. రెండు పక్కలా ఒకేలా వాలితే అది కోణం వల్లే. ఒక పక్కే వాలితేనే రోల్ తప్పు.

నేలను నమ్మొద్దు. మా ఇంటి వరండాలో నీళ్లు కాలువ వైపు పోవడానికి వాటం ఇచ్చి టైల్స్ వేశారు. ఆ టైల్స్ గీతలతో పోల్చి హొరైజన్ సరిచేసి, వారం రోజులు వంకర వీడియోలు తీశాను.

ఇంకో పరీక్ష. ఎదురుగా ఉన్నప్పుడు మట్టం సరిగ్గా ఉండి, ప్యాన్‌ను 90 డిగ్రీలు తిప్పగానే ఒరిగితే, రోల్ సరిచేయడం వల్ల ఉపయోగం లేదు. 9కి వెళ్లి ఆరు పక్కల క్యాలిబ్రేషన్ చేయండి.

11. ఎక్కువగా వచ్చే ఫిర్యాదులు

*మోటారు వేడెక్కుతోంది, బ్యాటరీ తొందరగా అయిపోతోంది.* బ్యాలెన్స్. ఇంకేం వెతకొద్దు.

*పొడి వణుకు.* ప్లేటు స్క్రూ, లెన్స్ బ్రాకెట్, ఆ తర్వాత స్టిఫ్‌నెస్ తగ్గించడం. ఈ వరుసలోనే చూడండి.

*మూలల్లో ఫ్రేము జెల్లీలా అలలు కొడుతోంది.* వైడ్ లెన్స్‌తో కెమెరా లోపలి స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) కూడా ఆన్‌లో ఉంది. నేనైతే ఆఫ్ చేస్తాను. దీనిమీద వాదనలు చాలా ఉన్నాయి, మీ కెమెరాతో రెండు రకాలుగా తీసి చూసుకోండి.

*నడుస్తుంటే పైకీ కిందికీ ఊగుతోంది.* మూడు మోటార్లు తిప్పడాన్నే సరిచేస్తాయి, ఎత్తు పల్లాన్ని సరిచేయలేవు. మోకాళ్లు కొంచెం వంచి, మడమ ముందు ఆనించి నడవండి. నిండు బిందె నడుం మీద పెట్టుకుని నడిచే ఆడవాళ్లను చూస్తే ఎట్లా నడవాలో తెలుస్తుంది.

*ఘాట్ రోడ్డులో కారులోంచి తీస్తుంటే మలుపు దగ్గర ఒరుగుతోంది.* తిరుమల ఘాట్‌లో ప్రతి మలుపులో మనం కూడా బయటి వైపుకి ఒరుగుతాం కదా, సెన్సర్‌కీ అంతే. మలుపు లాగే లాగుడునూ భూమి లాగే లాగుడునూ అది విడదీయలేదు, రెండూ కలిసిన దిక్కునే “కింద” అనుకుంటుంది. రోడ్డు తిన్నగా అయ్యాక కాసేపటికి తనే కుదురుకుంటుంది. జంట చుట్టూ వేగంగా గుండ్రంగా తిరిగి తీసే షాట్‌లో కూడా ఇది కొంచెం కనిపిస్తుంది. నిదానంగా తిరగండి, తర్వాత ఎడిటింగ్‌లో వేగం పెంచుకోండి.

12. పెళ్లి రోజు పొద్దున

- ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అడిగితే “తర్వాత” నొక్కండి. అది ఖాళీ రోజు పని
- రాసి పెట్టుకున్న గీతల దగ్గర ప్లేటు, ఆర్మ్‌లు పెట్టండి
- లెన్స్ ఎదురుగా, పైకి, 45 డిగ్రీలు: మూడు చోట్లా వదిలి చూడండి
- హ్యాండిల్ అడ్డంగా పట్టి ప్యాన్ చూడండి
- ఆన్ చేసి ఆటో ట్యూన్ ఒక్కసారి
- తలుపు చట్రం ముందు పది సెకన్లు రికార్డ్ చేసి, పెద్ద స్క్రీన్ మీద చూడండి
- లెన్స్ మారిస్తే టిల్ట్ మళ్లీ. బరువులో తేడా ఎక్కువైతే రోల్, ప్యాన్ కూడా
- సంచిలో పెట్టేటప్పుడు మూడు లాక్‌లూ వేయండి. ముఖ్యంగా బైక్ మీద పోయేవాళ్లు

నా అంకెలు సంచి మూత లోపల, పాత శుభలేఖ అట్ట మీద స్కెచ్ పెన్నుతో రాసి అతికించాను. పోయిన వారం దాన్ని ఫోటో తీసి పలమనేరు తమ్ముడికి పంపితే, అతను అవే అంకెలు తన జింబల్‌కి పెట్టుకుని “నిలవడం లేదన్నా” అని మళ్లీ ఫోన్ చేశాడు. అతని లెన్స్ వేరు, అతని అట్ట అతనే రాసుకోవాలి.